మన యింటి పెట్టెకు యజమాని యెవరు?

పామూరునందు కందియు పొగాకును పండించుకొను మా మిత్రుడొకడు తన యింటి వైఫై రౌటరును తువ్వాలులో చుట్టి యీ నడుమ మా కడకు తెచ్చెను. 2017లో కొన్నదట. పెట్టె పగులలేదు, కాలలేదు. దీపము లన్నియు వెలుగుచునే యున్నవి. కాని వారమునకు రెండు మూడు మాఱులు తనంతట తానే స్తంభించుచున్నది. లోపలి ప్రోగ్రామునకు సవరణ యిండని అమ్మినవారి నడుగగా, ఆ నమూనాకు సవరణలు నిలిపి నాలుగేండ్లైనదనియు, క్రొత్తది కొనుకొనుమనియు బదులు వచ్చినదట. "ఎద్దు మేయుచుండగనే చచ్చినదని లెక్క వ్రాసినట్లున్నదయ్యా!" అని యాతడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

రౌటరనగా తీగెమీద వచ్చిన ఇంటర్నెట్టును ఇల్లంతయు పంచిపెట్టు పెట్టె యని మాత్రమే మనము తలంచుచున్నాము. నిజమున కది యొక చిన్న కంప్యూటరు. దానికి మెదడు కలదు, మెమరీ కలదు, రేడియో కలదు. వీనిని నడుపు ప్రోగ్రామునకే ఫర్మ్‌వేరని పేరు. మన బ్యాంకు వ్యవహారములు, పిల్లల పాఠములు, వైద్యునితో మన సంభాషణములు సమస్తము ఆ గుమ్మముననే రాకపోకలు సాగించును. గుమ్మముకడ కాపువాడు నిద్రించిన నేమగునో 2018 మే నెలలో లోకము చూచినది. వీపీఎన్‌ఫిల్టర్ అను దుష్ట ప్రోగ్రాము 54 దేశములలో కనీసము ఐదు లక్షల పెట్టెలలో దూరినదని పరిశోధకులు వెల్లడించిరి. పెట్టెలను ఒకమా ఱార్పి మరల వెలిగింపుడని అమెరికా దర్యాప్తు సంస్థ ప్రజలను కోరవలసి వచ్చినది. సవరణ లాగిన పెట్టె గడియలేని తలుపు. ఆ గడియను కంపెనీ బిగింపదు; మనము బిగించుకొందమన్న తాళము మన చేతిలో లేదు. సొమ్ము మనది, కరెంటు బిల్లు మనది, గోడ మనది. అధికారము మాత్ర మెవరిది?

ఈ ప్రశ్న యిరువదేండ్లకు పూర్వమే పుట్టినది. 2002 చివర లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అను రౌటరును సంతకు తెచ్చెను. మఱుసటి సంవత్సరమే సిస్కో కంపెనీ ఆ లింక్‌సిస్‌ను కొనెను. ఆ పెట్టెలో నడుచుచున్నది లినక్సు అని కొందఱు ప్రోగ్రాము నిపుణులు 2003లో కనిపెట్టిరి. లినక్సును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. కాని దానిని పెట్టెలో పెట్టి అమ్మువాడు మూలప్రతిని గూడ కొన్నవారికి అందుబాటులో నుంచవలెను. జీపీఎల్ అను లైసెన్సులోని షరతు అది. కంపెనీ ఆ షరతును పాటింపలేదు. నిపుణులు విడువక అడిగిరి. మూలప్రతి బయటికి వచ్చెను. దాని ఆధారముననే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలయ్యెను. డీడీ-డబ్ల్యూఆర్‌టీ మొదలైనవియు ఆ వంశములోనివే. ఇది దానము కాదు, ఒప్పందమును జ్ఞాపకము చేయగా వచ్చిన హక్కు. 2005 చివర కంపెనీ అదే పేరున మెమరీని సగమునకు తగ్గించి, లినక్సును తొలగించి, క్రొత్త కూర్పును విడుదల చేసెను. లినక్సును కోరువారి కొఱకు పాత కట్టడమును మఱియొక పేరున వేఱుగా అమ్మవలసి వచ్చెను. ఆ పెట్టె పదేండ్లకు పైగా అంగళ్లలో నిలిచినది!

నేడు పెక్కు కంపెనీలు తమ ఫర్మ్‌వేరును ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మీదనే కట్టుకొనుచున్నవి. ఊరి చెరువు నీట తన తోట తడుపుకొని, పిదప తూమునకు తాళము వేయువానిని మన గ్రామములలో ఏమందురో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు.

దీనిపై నొక ఆక్షేపణ గలదు, అది త్రోసివేయదగినది కాదు. పెట్టెలోని రేడియో బలమును ఎవరికి తోచినట్లు వారు పెంచినచో ఇరుగుపొరుగు పెట్టెలకు అవరోధము కలుగును. 5 గిగాహెర్ట్‌జ్ మార్గములో కొన్ని భాగములను వాతావరణ రాడార్లును వాడుకొనుచున్నవి. మన దేశమున 2018లో ఆ మార్గమును లైసెన్సు లేకయే వాడుటకు విస్తారముగా తెఱచిరి గాని, బలమునకు హద్దు ఉంచిరి. ఆ హద్దు దాటుట తప్పే. అయితే రేడియోకు హద్దు వేయుట వేఱు, ఇల్లంతటికి తాళము వేయుట వేఱు. 2016 ఆగస్టులో అమెరికా ఎఫ్.సి.సి. టీపీ-లింక్ కంపెనీచేత రేడియో బలము విషయమున రెండు లక్షల డాలర్లు కట్టించెను. ఆ రాజీలోనే, హద్దులను కాపాడుచు ఇతరుల ఫర్మ్‌వేరునకు చోటిచ్చు మార్గము వెదకుటకు ఆ కంపెనీ అంగీకరించినది. రెండును ఒకచోట ఇముడునని దండించిన వారే ఒప్పుకొన్నారు.

ఇచట నొక భేదమును మఱువరాదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభముల వెంట తీగె లాగి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు ఇచ్చుటకు పూనుకొనినది. అట్టి సేవలలో తీగె కొసను బిగించు పెట్టె సాధారణముగా సేవ నిచ్చువారి సొత్తు. దానిని తాకవలదు. దాని వెనుక మన సొమ్ముతో కొన్న రౌటరును తగిలించుకొని, మన స్వాతంత్ర్యమును దానియందు చూపుదము.

కేంద్ర ప్రభుత్వము 2022 జూలైలో మరమ్మతు హక్కుపై సంఘమును నియమించి, ఆ డిసెంబరులోనే పోర్టలు తెఱచినది. వ్యవసాయ యంత్రములు, ఫోనులు, గృహోపకరణములు, వాహనములు ముందుగా ఎంచుకొనబడినవి. మంచిదే. అయినను మరమ్మతనగా మర బిగించుట మాత్రమే కాదు; ఈ కాలపు యంత్రమునకు ప్రాణము ప్రోగ్రాములో నున్నది. సవరణలు కనీస మెంతకాల మిత్తురో అమ్మువారు తెలుపవలెనని బ్రిటను 2024 ఏప్రిల్ 29 నుండి నిర్బంధించినది. ఐరోపా సమితి శాసనములోని ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరు 11 నుండి అమలగును. వాని ప్రకారము సాధారణముగా ఐదేండ్లకు తక్కువ గాకుండ ఆదరణ మీయవలెను. మన దేశమున నమ్ము ప్రతి రౌటరు అట్టమీదను ఆ తేదీని అచ్చువేయవలెనని మేము కోరుచున్నాము. ఆ తేదీ గడచిన నాడు కంపెనీ తాళము విప్పి పోవలెను. కాపు విడిచిన తోటకు కంచె వేసి తాళపుచెవి పట్టుకొని తిరుగు హక్కు ఎవరికిని లేదు.

మా మిత్రుని పెట్టె సంగతి చెప్పవలెను. అడుగున అంటించిన చీటీలో నమూనా పేరేగాక కూర్పు సంఖ్యయు నుండును. పేరొకటే యైనను లోపలి కట్టడము మాఱుచుండును గనుక ఆ సంఖ్యను చూడక చేయి పెట్టరాదు. అదృష్టవశమున ఈ పెట్టె ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో నుండెను. నిలువ మెమరీ 8 మెగాబైట్లు, పని మెమరీ 64 మెగాబైట్లు కనీస మని వారి మాట. దీని కంతకు మించియే యున్నది. దించుకొన్న ఫైలు సరియైనదో కాదో దాని సంకేతసంఖ్యతో సరిచూచితిమి. వ్రాత నడుమ కరెంటు పోయినచో పెట్టె ఇటుకరాయి యగును. పామూరు కరెంటును నమ్మక ఇన్వర్టరునకు తగిలించి, వైఫై మీద గాక తీగెమీద పని జరిపితిమి. ఐదు నిమిషములు పట్టలేదు. వైఫై కనబడకపోగా మిత్రుడు "పోయెనా?" అని తల పట్టుకొనెను. క్రొత్తగా వేసిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో సామాన్యముగా వైఫై ఆర్పియే యుండును, యజమాని వెలిగించుకొనవలెను. సంకేతపదము పెట్టి, దేశము భారతదేశమని తెలిపి వెలిగించితిమి. నెల దాటినది, ఒక్కమాఱును స్తంభింపలేదు.

ఇది విని అదే వీధినుండి మఱియొకరు తమ పెట్టెను పట్టుకొని వచ్చిరి. దానిలో నిలువ మెమరీ నాలుగు మెగాబైట్లే. దానికి మే మేమియు చేయలేకపోతిమి.