సీలు విప్పని వాల్-ఈ

సాహిత్య పత్రికలో ప్లాస్టిక్ బొమ్మ మీద వ్యాసమేంటి అనుకునేవాళ్లకి ముందే నా సమాధానం చెప్తాను. నవలని సినిమాగా తీస్తే మూలానికి న్యాయం జరిగిందా లేదా అని పేజీలకు పేజీలు రాసుకుంటాం. అదే సినిమా బొమ్మగా మారినప్పుడు ఆ ప్రశ్న ఎందుకు మాయమైపోతుంది? బొమ్మ కూడా అనుసరణే. సినిమాలోంచి ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అని ఎవరో కూర్చుని నిర్ణయిస్తేనే అది పెట్టెలోకి చేరింది. కాబట్టి దాన్నీ చదవాల్సిందే.

నేను చదవాలనుకున్నది లెగో 21303. 2015లో లెగో ఐడియాస్ వరుసలో వచ్చిన వాల్-ఈ, 676 ముక్కలు. అభిమానులు నమూనాలు పంపితే, 10,000 ఓట్లు పడ్డవాటిని కంపెనీ పరిశీలించే వరుస అది. ఈ నమూనా పంపిన ఆంగస్ మెక్‌లేన్ మాత్రం మామూలు అభిమాని కాదు, 2008లో వచ్చిన ఆ పిక్సార్ సినిమాకి పనిచేసిన యానిమేటర్. ఆ సంగతి బొమ్మలో కనిపిస్తుంది. నేను రెండు సాయంత్రాలు కూర్చుని కట్టాను. మెడ కాస్త పక్కకి వంచి పెడితే చాలు, ఆ బైనాక్యులర్ కళ్లలోకి ఎక్కడి దిగులో వచ్చి కూర్చుంటుంది.

దీని మీద వచ్చిన సమీక్షలు చూడండి. ముక్కకి ఎంత పడింది, కొత్త రంగు ముక్కలెన్ని, మొదటి విడతలో మెడ ఎలా వాలిపోయేది, తర్వాత కంపెనీ దాన్ని ఎలా సరిచేసింది. కొనేవాళ్లకి అవసరమైన లెక్కలే, కాదనను. కానీ ఈ బొమ్మ తీరుకి, ఆ సినిమా చెప్పినదానికి పొత్తు కుదిరిందా అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

సినిమా గుర్తుందిగా? కొని కొని, పారేసి పారేసి మనుషులు భూమిని చెత్తకుప్ప చేసి, ఓడెక్కి వెళ్లిపోయారు. మిగిలిన ఒక్క మరమనిషి వందల ఏళ్లుగా చెత్తని పొట్టలో నొక్కి, దిమ్మెలు చేసి, ఆకాశమంత ఎత్తున పేరుస్తున్నాడు. ఇటుకలు చేసి ఇటుకలు పేర్చేవాడు. ఇటుకల కంపెనీకి ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకడు.

ఇక్కడ తేలిగ్గా దొరికే వెటకారం ఒకటుంది: చెత్త మీద తీసిన సినిమాకి ప్లాస్టిక్ బొమ్మా! సరుకు కూడా బోలెడుంది. లెగో ఇటుకల్లో చాలావరకు 1963 నుంచీ ఏబీఎస్ ప్లాస్టిక్‌తోనే తయారవుతున్నాయి. 1997 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ కార్న్‌వాల్ తీరం దగ్గర టోకియో ఎక్స్‌ప్రెస్ అనే ఓడని పెద్ద అల కొడితే, సుమారు 48 లక్షల లెగో ముక్కలు సముద్రం పాలయ్యాయి. అవి ఒడ్డుకి కొట్టుకురావడం ఏళ్ల తరబడి ఆగలేదు. ఒక ఇటుక సముద్రంలో 100 నుంచి 1,300 ఏళ్ల దాకా ఉండిపోవచ్చని 2020లో ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. వాడేసిన సీసాల ప్లాస్టిక్‌తో ఇటుకలు చేస్తామని 2021లో నమూనా చూపించిన కంపెనీ, దానివల్ల మొత్తం మీద కర్బన ఉద్గారాలు పెరుగుతాయంటూ 2023లో ఆ ప్రయత్నం మానుకుంది.

అన్నీ నిజాలే. అయినా నా తగువు ప్లాస్టిక్‌తో కాదు. ఆ సినిమాకి వస్తువులంటే ద్వేషం లేదు, ఎంతో ఇష్టం. వాల్-ఈ స్వయంగా పెద్ద సేకర్త. సగం చెంచా, సగం ఫోర్కుగా ఉన్న వస్తువు దొరికితే దాన్ని చెంచాల్లో పెట్టాలా ఫోర్కుల్లో పెట్టాలా తేల్చుకోలేక, రెండింటికీ మధ్యలో పెడతాడు. వజ్రపుటుంగరం దొరికితే ఉంగరాన్ని విసిరేసి, దాని పెట్టెని దాచుకుంటాడు. ఎందుకంటే ఆ పెట్టె టప్‌మని మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. వస్తువుకి బజారు అంటించిన ధరని, వాడకాన్ని ఊడబీకి చేతిలోకి తీసుకోవడమే అతని సేకరణ. ఆట అంటే కూడా అదే.

ఈ సెట్ విఫలమైంది సరిగ్గా అక్కడే. మాన్యువల్లో ఒకటో మెట్టు నుంచి చివరి మెట్టు దాకా దారి ఒక్కటే, చేరే చోటూ ఒక్కటే. ఇవే ముక్కలతో ఇంకేమైనా కట్టొచ్చన్న సూచన మాటవరసకైనా లేదు. ఒకప్పటి లెగో పెట్టెల మీద, కట్టే పద్ధతి చెప్పకుండానే, వేరే నమూనాల ఫొటోలు వేసేవాళ్లు. ఎలాగో నువ్వే కనుక్కో అని పిల్లల్ని రెచ్చగొట్టడం అది. క్రియేటర్ వరుసలో ఇప్పటికీ ఒకే పెట్టెలో మూడు బొమ్మలిస్తారు. సినిమా పేరున్న సెట్‌కి వచ్చేసరికి ఆ చనువు పోతుంది. కోడ్ రాసేవాళ్లకి తేడా ఇట్టే తెలుస్తుంది: వేరేవాళ్లు రాసిన స్క్రిప్టుని వరసగా రన్ చేసి, ప్రోగ్రాం రాశాను అనుకోవడం లాంటిదిది. సినిమాలో విలన్ కూడా ఇలాంటివాడే. ఓడ నడిపే ఆటో కి దుర్మార్గం తెలీదు. ఇచ్చిన ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తుంది, అంతే. సినిమా కథంతా ఆదేశాన్ని దాటినవాళ్ల కథ.

ముక్కలు ఊడదీసి వేరేది కట్టుకోండి, ఎవరు వద్దన్నారు అంటారా? నిజమే, 1958 నాటి ఇటుక కూడా ఇవాళ్టి ఇటుకకి అతుకుతుంది. ఆ గొప్పతనం వల్లే నాకీ కోపం. ఎవరూ వద్దనక్కర్లేదు, ధర వద్దంటుంది. ఈ సెట్ అమ్మకాలు ఆగిపోయి చాలా కాలమైంది, సీలు విప్పని పెట్టె విడుదల ధరని ఎప్పుడో దాటేసింది. మాస్కో హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987–2015 మధ్య సెట్ల ధరలు పరిశీలించి, వాటి మీద రాబడి ఏడాదికి సగటున కనీసం 11 శాతం ఉందని తేల్చారు. అలా పెట్టుబడి అయిపోయిన బొమ్మని ఎవరు విప్పుతారు?

2014లో వచ్చిన 'ద లెగో మూవీ'లో కట్టినవి చెదరకుండా జిగురుతో అంటించేయాలనుకునే తండ్రి ఉంటాడు. కొడుకు ఆటలో ఆయనే విలన్. ఆ సినిమా లెగో పేరుతోనే వచ్చింది. ఇప్పుడు జిగురు డబ్బాతో పనిలేదు, రీసేల్ ధరే జిగురు. వాల్-ఈ పెట్టెని దాచుకున్నది తెరిచి మూసి ఆడుకోవడానికి. మనవాళ్లు పెట్టెని దాచుకునేది ఎప్పటికీ తెరవకుండా ఉండటానికి. ఆ మరమనిషి మన అటక చూస్తే, పెట్టె తీసుకుని మన లాభాన్ని ఉంగరంలా విసిరేసేవాడు.

అందుకని నా సమీక్ష ఇది: రూపం బావుంది, చూపు బావుంది, సినిమా మాత్రం పెట్టెలోకి రాలేదు. దాన్ని తెచ్చుకునే పని కొన్నవాళ్లదే. మీ దగ్గర ఈ సెట్ ఉంటే సీలు చింపండి, ఒకసారి మాన్యువల్ ప్రకారం కట్టండి. తర్వాత మొత్తం ఊడదీసి, ఆ 676 ముక్కల్నీ ఇంట్లో పిల్లల ముందు పోయండి. మాన్యువల్ని మాత్రం వాళ్లకి కనపడకుండా దాచేయండి.