కుక్కపిల్ల, మామగారి బొంత

మా చిన్నవాడు మేనమామ ఇంటి నుండి నలభై రోజుల కుక్కపిల్లను చంకనెత్తుకొని తెచ్చాడు. (ఇప్పుడైతే ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచమని చెబుతాను.) నాలుగో రాత్రి అది నేల మీద పరచిన మామగారి బొంతను తడిపేసింది. తెల్లవారగానే ఆయన, “దీన్ని సంతలో వదిలేసి రండి” అన్నారు. పిల్లవాడు ఆ పూట అన్నం ముట్టలేదు. నేను బ్రతిమాలి నెల రోజులు గడువు అడిగాను.

దాని తప్పేముందమ్మా? రెండు నెలల పిల్ల రెండు గంటలకు మించి ఆపుకోవడం కష్టం. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడుకున్న వెంటనే దానికి అవసరం పడుతుంది. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే ఇక ఆలస్యం చేయకూడదు.

బయట వదలవచ్చు కదా అంటారు. మాకు ప్రహరీ లేదు, ఊరకుక్కలన్నీ మా వాకిట్లోనే తిరుగుతాయి. వాంతులు, రక్త విరేచనాలతో పిల్లలను చంపే పార్వో జబ్బు వాటి మలం ద్వారా అంటుతుంది, ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి బ్రతుకుతుంది. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా వేయించాలి. అందాకా ఇంట్లోనే నేర్పాలి.

పట్నంలో మేడ మీద అద్దెకుంటున్న మా చెల్లెలు ఒక ప్యాడ్ల కట్ట ఇచ్చింది. పైన తడి పీల్చే పొర, అడుగున ప్లాస్టిక్కు. మంచాన పడ్డవారి క్రింద వేసేవాటి వంటివే. అవి అయిపోయాక ఎరువుల సంచి కోసి పరచి, దానిపై పాత పేపర్లు నాలుగైదు మడతలు వేశాను. పని జరిగింది. గిన్నెకూ పడకకూ దూరంగా వసారా మూలన వేసి, మార్చేటప్పుడు తడిసిన ముక్క ఒకటి క్రొత్తదాని క్రింద ఉంచేదాన్ని. ఆ వాసనే దానికి గుర్తు.

వేళకు ఎత్తుకెళ్లి అక్కడ దింపాలి. పని కాగానే, అక్కడికక్కడే, ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. వంటింట్లోకి వెళ్లి తెచ్చేలోగా ఎందుకిచ్చారో అది మరచిపోతుంది.

మావారు ఒకసారి దాని మూతిని తడిలో రుద్ది కొట్టారు. తరువాత వారమంతా అది బియ్యం డ్రమ్ము వెనుక దాక్కొని పోసింది. ఇంట్లో పోయకూడదని కాదు, ఈయన కంటపడకూడదని నేర్చుకుంది! ఆ వారమే నాకు చాలా కష్టమైంది. తడిసిన చోట సబ్బు నీటితో కడిగి, వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచాను. ఫినాయిల్ నాకితే ప్రమాదం.

ప్యాడ్‌తో ఒక చిక్కుంది. కాలికి మెత్తగా తగిలినదల్లా తన చోటే అనుకుంటుంది. అందుకే గోనెపట్టాలు, బొంతలు పైకెత్తేశాము. అలవాటు కుదిరాక రెండు రోజులకొకసారి బారెడు చొప్పున గుమ్మం వైపు జరిపి, టీకాలు పూర్తయ్యాక పెరట్లోకి మార్చాను. అన్నీ నేర్చుకున్న పిల్ల ఉన్నట్టుండి మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తుంటే కొట్టకండి, పశువుల డాక్టరుకు చూపించండి. నులిపురుగుల మందు కూడా ఆయన్నే అడగండి. ఆ పురుగులు పిల్లలకూ సోకుతాయి, ముట్టుకున్నాక చేతులు కడిగించండి.

నెల గడువు ఎప్పుడో దాటిపోయింది. మామగారు అడగలేదు, నేను గుర్తు చేయలేదు. ఒక అర్ధరాత్రి అది తలుపు గీకుతుంటే ఆయనే లేచి గడియ తీశారు. బొంత మాత్రం ఇప్పటికీ మంచం మీదే వేసుకుంటున్నారు.