పరుగు ఒక్కటే చాలదు

సైన్యంలో పారా కమెండో కావాలని కలలు కనే యువకులు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు. కోరిక మంచిదే. కాని ఆ దళానికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చేవారిని నెలల తరబడి పరీక్షిస్తారు. బరువు మోయిస్తూ, నిద్ర కరవు చేసి మైళ్ళకొద్దీ నడిపిస్తారు. ఎక్కువమంది మధ్యలోనే వెనుదిరుగుతారు.

ముందు సైనికుడుగా ఎంపిక కావాలి. 2023 నుంచి అగ్నివీర్ అభ్యర్థులకు మొదట కంప్యూటర్ పరీక్ష పెడుతున్నారు. పుస్తకం పక్కనపెట్టినవాడికి మైదానంలోకి పిలుపే రాదు. అక్కడ 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తితే 60 మార్కులు, 10 పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు. 9 అడుగుల గుంట కూడా దూకాలి.

నెల ముందు మేల్కొని, కాళ్ళు వాచేలా పరుగెత్తి, నొప్పి మాత్రలు మింగితే ఒళ్ళు చెడుతుంది. ఆరు నెలల ముందే మొదలుపెట్టి దూరం క్రమంగా పెంచాలి. వారానికొక రోజు విశ్రాంతి తీసుకోవాలి. పొద్దంతా ఎండలో కోత కోసే పిల్లలకు ఓర్పు కొత్త కాదు. దాన్ని క్రమశిక్షణలో పెట్టుకోవాలి. అలసిన వేళ "ఈ ఒక్క గంట గడిస్తే చాలు" అనుకోగలగడమే మనోబలం.

మైదానం లేక చీకట్లో లారీల పక్కన రోడ్ల మీద పరుగెత్తడం ప్రాణాలకే ముప్పు. పంచాయతీలు హైస్కూలు ఆవరణలను తెల్లవారుజామున తెరిపించాలి. 400 మీటర్ల బాట చదును చేయిస్తే నాలుగు చుట్లతో దూరం సరిపోతుంది. ఊళ్ళోని మాజీ సైనికులు గంటసేపు దగ్గరుండి నేర్పాలి. ఇది పెద్ద ఖర్చు కాదు. కావలసింది శ్రద్ధే.