ఏ పేపరమ్మా పోయింది?

సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజు మన ఇళ్ళల్లో వినపడే ప్రశ్న ఒకటే: "ఎన్ని పోయాయి?" పక్కింటావిడ అడిగేదీ అదే, ఊళ్ళోంచి ఫోన్ చేసే అత్తగారు అడిగేదీ అదే. "ఏది పోయింది?" అని అడిగే ఇళ్ళు నేను బహు తక్కువ చూశాను. పిల్లల ఎంసెట్ ర్యాంకు మనకు కంఠస్థం (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అయినా మన నోటికి ఎంసెటే). కాలేజీ ఫీజు, బస్సు ఫీజు, హాస్టల్ మెస్ బిల్లు రూపాయితో సహా చెప్తాం. ఈ సెమిస్టర్లో వాళ్ళు చదివే పాఠాల పేర్లు నాలుగు చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాం.

ఆ పేర్లు అమ్మకి తెలిసి ఉండాలని నా అభిప్రాయం. లెక్కలు చెయ్యనక్కర్లేదు. ఆ పాఠంలో ఏముంటుందో, అదెందుకు కష్టమో తెలిస్తే చాలు.

మా అమ్మాయి ఈసీఈ రెండో ఏడు. మా చెల్లెలి కొడుకు మా ఇంట్లోనే ఉండి సివిల్ చదివాడు. నేను చదివింది బీఏ తెలుగు. అయినా వీళ్ళిద్దరి పుణ్యమా అని ఎం-వన్, ఎం-టూ, డ్రాయింగ్, మెకానిక్స్ అన్న మాటలు మా ఇంట్లో ఉప్పూ పప్పూ అన్నంత మామూలైపోయాయి. మొదటి ఏడు పిల్లల్ని ఏడిపించేవి ఎక్కువగా ఇవే. ఆ తర్వాత ఏ బ్రాంచికి ఆ దెయ్యం ఉంటుంది. సివిల్ వాళ్ళకి స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, మెకానికల్ వాళ్ళకి థర్మోడైనమిక్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి సిగ్నల్స్, కంప్యూటర్స్ వాళ్ళకి ఆటోమేటా థియరీ.

ఇంటర్లో 980 తెచ్చుకున్న పిల్ల మొదటి మిడ్ పరీక్షలో ఎందుకు బోర్లా పడుతుంది? తెలివి ఎక్కడికీ పోలేదు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కో బిట్టుకి నిమిషం పైన కొన్ని సెకన్లు. రెండేళ్ళు పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ వేగం నేర్పుతారు. తీరా కాలేజీకి వెళ్ళాక మెకానిక్స్‌లో ఒక్క లెక్క ముందు అరగంట కూర్చోవాలి. నాలుగు జవాబుల్లోంచి ఏరుకోవడం ఉండదు. ఉన్నదల్లా గోడకి ఆనించిన నిచ్చెన, దాని మీద ఎక్కుతున్న మనిషి. ఎంత ఎత్తుకి వెళ్తే నిచ్చెన జారుతుందో చెప్పాలి.

ఆ లెక్కకి ముందు ఒక బొమ్మ గీయాలట. దాన్ని ఫ్రీ బాడీ డయాగ్రం అంటారు. నిచ్చెనని గోడ నుంచీ నేల నుంచీ విడదీసి ఒంటరిగా గీసి, దాని మీద పడే బలాలన్నీ బాణాలుగా వెయ్యాలి. దాని సొంత బరువు, మనిషి బరువు, గోడ తోపు, నేల తోపు, జారకుండా ఆపే రాపిడి. ఒక్క బాణం మర్చిపోతే తర్వాత చేసిందంతా తప్పే. మావాడు ఇది చెప్పినప్పుడు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ఇలాంటి బొమ్మ ఒకటి గీసి అత్తింట్లో గోడకి తగిలిస్తే ఎంత బావుండు అనిపించింది. ఎటు నుంచి ఎంత బలం లాగుతోందో అందరికీ కనపడేది!

ఆ పాఠంలోనే ట్రస్సులు అని ఉంటాయి. మా రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్ళే రైలు-రోడ్డు వంతెన చూశారు కదా, 1974 నుంచీ ఉంది. ఉక్కు కడ్డీలు త్రికోణాలుగా అల్లుకుని ఉంటాయి. ఏ కడ్డీ మీద లాగుడు పడుతోంది, ఏ కడ్డీ మీద నొక్కుడు పడుతోంది, అదీ ఎంత, ఒక్కో కీలు దగ్గర ఆగి తేల్చుకుంటూ పోవాలి. నలభై ఏళ్ళుగా ఆ వంతెన మీద తిరుగుతున్నా, ఆ కడ్డీలు రెండు రకాలుగా పనిచేస్తాయని నాకు వాడు చెప్పేదాకా తెలీదు.

డ్రాయింగ్ సంగతి వేరు. అది లెక్క కాదు కాబట్టి తేలికనుకుంటాం. కాగితం మీద లేని వస్తువుని మనసులో తిప్పి, ముందు నుంచి ఎలా కనపడుతుందో గీత పైనా, పై నుంచి ఎలా కనపడుతుందో గీత కిందా గీయాలి. ఆటల పీరియడే లేని కాలేజీల్లో రెండేళ్ళు గడిపిన పిల్లలకి ఆ చూపు ఎక్కణ్ణుంచి వస్తుంది? స్థూపాన్ని ఏటవాలుగా కోస్తే దీర్ఘవృత్తం వస్తుందన్న బొమ్మ మా అమ్మాయికి ఎంతకీ పట్టుబడలేదు. కీరదోసకాయ కత్తితో వాలుగా కోసి చేతిలో పెట్టాను. వంటింట్లో మనం రోజూ చేసే పనే.

ఇక ఎం-టూలో లాప్లాస్. "ఇది ఎందుకు సార్?" అని మా అమ్మాయి అడిగితే, "పరీక్షకొస్తుంది, రాసుకో" అన్నారట. నాకు కోపం వచ్చిన మాట అది. కష్టమైన అవకలన సమీకరణాన్ని మామూలు బీజగణితంగా మార్చి, అక్కడ తేల్చేసి, మళ్ళీ వెనక్కి తెచ్చుకునే దారి అట అది. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆ వాక్యం లేకుండా పట్టిక బట్టీ పట్టించి, ఇంపార్టెంట్ ప్రశ్నలు పది ఇచ్చి గట్టెక్కిస్తున్నారు. ఉత్పలమాలకి భ-ర-న-భ-భ-ర-వ అని గణాలు అప్పజెప్పిన వాళ్ళందరూ పద్యం రాయగలరా? మా బీఏ క్లాసులో ఒక్కరో ఇద్దరో రాశారు. వాళ్ళు ఎన్ని పద్యాలు చింపేశారో మేం చూశాం.

ఈ పాఠాలు తీసేయమనో, తేలిక చెయ్యమనో నేను అనను. వంతెనలు నిలబడాలి. పిల్ల పడుతున్న కష్టానికి ఇంట్లో ఒక పేరుండాలని మాత్రం అంటాను. పేరు లేకపోతే ఏమవుతుందో మా బంధువులింట్లో చూశాం. వాళ్ళబ్బాయి పదకొండు సప్లీలు నాలుగో ఏడు దాకా దాచాడు. రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరి స్టేషన్లో కూర్చునేవాడు. "అమ్మకి చెప్పినా అర్థం కాదు, నాన్నకి చెప్తే ఎంత ఖర్చుపెట్టానో లెక్క చెప్తారు" అన్నాడు. మొదటిది పోయింది ఎం-వన్. అప్పుడే ఎవరైనా పక్కన కూర్చుని ఉంటే మిగతా పదీ అంతదాకా వచ్చేవి కావనే నా నమ్మకం.

ఆడపిల్ల అయితే ఇంకో ప్రమాదం. అబ్బాయికి సప్లీ ఉంటే మళ్ళీ రాయిస్తారు. అమ్మాయికి రెండుంటే, "ఎలాగూ చదువు ఎక్కట్లేదు, సంబంధాలు చూద్దాం" అన్న మాట భోజనాల దగ్గర మొదలవుతుంది. ఎక్కనిది చదువా, మెకానిక్సా అని తేల్చకుండానే.

మన తెలుగావిడే, అయ్యలసోమయాజుల లలిత గారు, దేశంలో తొలి మహిళా ఇంజనీరుగా పేరు పొందినావిడ, పద్దెనిమిదేళ్ళకే భర్తని పోగొట్టుకున్నారు. అప్పటికి ఒళ్ళో నాలుగు నెలల పాప. 1940ల్లో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివారు. పట్టా మీద 'అతడు' అనే అచ్చువేసి ఉంటే దాన్ని కొట్టేసి 'ఆమె' అని రాశారట. తర్వాత భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల డిజైన్లకి పనిచేశారు. ఆవిడ పట్టుదల గురించి అందరూ రాస్తారు. నాకు ఇంకోటి కూడా కనపడుతుంది. ఆవిడ నాన్నగారు పప్పు సుబ్బారావు గారు అదే కాలేజీలో ప్రొఫెసరు. ఏ పేపరు ఎంత కష్టమో తెలిసిన మనిషి ఇంట్లో ఉన్నారు.

మనం ప్రొఫెసర్లం కాము, నిజమే. కానీ "ఇవాళ ఏ క్లాసు? అందులో ఏం చెప్పారు? నాకు అర్థమయ్యేలా చెప్పు" అని అడగడానికి డిగ్రీ ఏం కావాలి? చెప్పలేకపోతే ఎక్కడ తెలీలేదో పిల్లలకే తెలుస్తుంది. మొదట్లో విసుక్కుంటారు. చపాతీలు ఒత్తుతూ అడిగితే అంతగా విసుక్కోరు, అది నా అనుభవం.

వచ్చే సెమిస్టర్లో మా అమ్మాయికి ఎలక్ట్రోమాగ్నెటిక్స్ ఉంది. సీనియర్లు ఇప్పట్నుంచే భయపెడుతున్నారు. మాక్స్‌వెల్ అనే ఆయన పేరు మీద నాలుగు సమీకరణాలట, పాఠమంతా వాటి చుట్టూనేనట. రెండు చెప్పింది. మిగతా రెండూ తనకే ఇంకా తెలీవు, చదువుకుని ఆదివారం చెప్తానంది.