చీమల దగ్గర ఉన్న మాట, మన దగ్గర లేని మాట

సామెతల గ్రంథం 6వ అధ్యాయం మనల్ని చీమ దగ్గరికి పంపుతుంది. పైన ఆజ్ఞాపించేవారు లేకుండానే అది పని చక్కబెట్టుకుంటుంది. ఎలా? తిండి దొరికిన చీమ దారిలో వాసన వదులుతూ పుట్టకు వెళ్తుంది. ఆ జాడ పట్టుకొచ్చిన చీమ తన వాసనా చేరుస్తుంది. ఎవరూ చేర్చకపోతే జాడ ఆరిపోతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు చేసింది ఇలాంటిదే. అక్షరాస్యత తరగతుల్లో సారా కష్టాలు ఒకరికొకరు చెప్పుకున్నారు, సారా దుకాణం మూయించారు. ఆ కబురు ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు.

మన యానాంలో ఆ చట్టం లేదు. మనది పుదుచ్చేరి పాలన. పక్క ఊళ్లవాళ్లు మందు కోసం ఇక్కడికే వచ్చారు. చట్టానికి పొలిమేర ఉంది, తాగుడు తెచ్చే కన్నీళ్లకు లేదు.

మన సంఘాల్లో మాట ఎక్కువగా వేదిక మీది నుంచి కిందికే వస్తుంది. దెబ్బలు తిన్న సహోదరి పక్కన కూర్చున్న సహోదరికైనా చెప్పుకోలేకపోతే మన కూడిక ఎందుకు? స్త్రీల కూడికలో ప్రసంగం అరగంట తగ్గిద్దాం, ఆ అరగంట వాళ్లనే మాట్లాడనిద్దాం. అక్కడ విన్నది అల్లరి చేయకుండా కాపాడదాం. యవ్వనస్థులారా, గోదావరి వంతెన దాటి ఎదుర్లంక యువతతో కూర్చోండి. మొదటి జాడ మీరే వేయండి.