మిమ్మల్ని వదలనిది ఏది?

'జీవితంలో నాకేం కావాలి?' అని కళ్లు మూసుకుని కూర్చుంటే ఒక్కోసారి జవాబుకు బదులు కునుకు వస్తుంది. ప్రశ్న మార్చి చూడండి. 'నన్ను వదలనిది ఏది?' అని.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. చివరికి చదివింది వైద్యం. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దర్నీ పొట్టన పెట్టుకుంది. ఆ బాధ ఆయన వెంటే అమెరికా వెళ్లింది. 1945లో ఆయన బృందం ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకి అది మందు!

అంతర్వాణి అంటే ఆకాశవాణి కాదు, వేళకి వినిపించడానికి. పాత నొప్పిలా అప్పుడప్పుడూ సలుపుతుంది, అంతే. రోజూ పడుకునే ముందు, ఆ రోజు మనసు ఎక్కడ ఆగిపోయిందో ఒక్క వాక్యం రాయండి. జీతం, హోదా ఊసెత్తకుండా. నెలయ్యాక తిరగేసి, మళ్లీ మళ్లీ కనిపించిన మాట కింద గీత గీయండి.