దుబాయ్ దగ్గర, శంషాబాద్ దూరం

శంషాబాద్ విమానాశ్రయం నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం దాదాపు నాలుగు గంటల్లో దించేస్తుంది. నిజామాబాద్ నుంచి శంషాబాద్‌కి రోడ్డు మీద దాదాపు 200 కిలోమీటర్లే. దానికీ ఇంచుమించు నాలుగు గంటలు! బోధన్ వాళ్లకు మరో పాతిక కిలోమీటర్లు అదనం.

లెక్క అక్కడితో ఆగదు. అంతర్జాతీయ ప్రయాణమంటే మూడు గంటల ముందే విమానాశ్రయం చేరాలి. తెల్లవారుజామున విమానముంటే ముందురోజు సాయంత్రమే ఇల్లు కదలాలి. కిరాయి కారు డిక్కీలో మామిడి తొక్కు, సకినాలు సర్దిన సంచి. వెనుక సీట్లో సాగనంపడానికి వచ్చిన తల్లి, ఆమె ఒళ్లో నిద్రపోతున్న మనవడు. వీళ్లు మళ్లీ అంతే దూరం తిరిగి రావాలి. టికెట్ మీద ఈ గంటలు గానీ, ఈ కిరాయి గానీ కనిపించవు.

అయినా ఈ ప్రయాణం తప్పదు. బోధన్‌లో నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఈ నేలకు గల్ఫ్ సంపాదన పెద్ద ఆసరా.

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం వస్తుందన్న మాట ఏళ్లుగా వింటున్నదే. అది రావాలి. వచ్చినా చిన్న విమానాశ్రయం నుంచి మొదటి రోజే దుబాయ్‌కి ఎగరలేరు. అందుకే ముందు చేయాల్సింది వేరే ఉంది: గల్ఫ్ విమానాల వేళలు చూసి, బోధన్ నుంచి నిజామాబాద్ మీదుగా నేరుగా శంషాబాద్‌కి, సామాను పెట్టుకునే చోటున్న రాత్రి బస్సులు సరిపడా నడపాలి.